లివర్ క్యాన్సర్ ఆపరేషన్ అయిపోయింది, మరి హెపటైటిస్ బి మాత్ర ఎన్నాళ్ళు, ఎలా?

గడ్డ తీసేశారు. అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని పాథాలజీ రిపోర్టు వచ్చింది, కుట్లు మానుతున్నాయి, ఆకలి కూడా మెల్లగా తిరిగి వస్తోంది. చాలా ఇళ్ళలో సరిగ్గా ఈ దశలోనే ఒక మాట వినపడుతుంది: "క్యాన్సర్ పోయింది కదా, ఆ హెపటైటిస్ బి మాత్ర ఇంకా దేనికి?" జవాబు ముందే చెప్పేస్తాను. ఆపరేషన్ తీసింది గడ్డను, వైరస్‌ను కాదు. ఆ మాత్ర కూడా మీ క్యాన్సర్ చికిత్సలో భాగమే. దాన్ని రోజూ ఎలా వేసుకోవాలి, ఏ రిపోర్టులో ఏం చూడాలి, ఎప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి అన్నవే ఇక్కడ రాస్తున్నాను. ఏ మాత్ర, ఎంత డోసు అన్నది మాత్రం మీ ఫైలు మొత్తం చూసిన లివర్ డాక్టర్ తేల్చాల్సిన విషయం.

వైరస్ ఇంకా ఎక్కడుంది?

హెపటైటిస్ బి వైరస్ లివర్ కణంలోకి దూరాక తన డీఎన్‌ఏను గుండ్రంగా చుట్టుకున్న రూపంలోకి మార్చుకుని కణ కేంద్రకంలో తిష్ఠ వేస్తుంది. దీన్ని సీసీసీ డీఎన్‌ఏ అంటారు. ఇది అచ్చు లాంటిది, కొత్త వైరస్‌లన్నీ దీని నుంచే తయారవుతాయి. మనం వేసుకునే ఎంటెకావిర్, టెనోఫోవిర్ లాంటి మాత్రలు కాపీలు తయారు కాకుండా అడ్డుపడతాయి తప్ప అచ్చును చెరపలేవు. అందుకే మాత్ర వేసుకున్నన్నాళ్ళూ రక్తంలో వైరస్ కనపడదు, ఆపేస్తే మళ్ళీ పుట్టుకొస్తుంది. పైగా వైరస్ డీఎన్‌ఏ ముక్కలు కొన్ని మన కణాల డీఎన్‌ఏలోనే అతుక్కుపోయి ఉంటాయి. క్యాన్సర్ మొదలవడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి.

సర్జన్ తీసింది లివర్‌లో ఒక భాగమే. మిగిలిన భాగం కూడా అదే వైరస్‌తో ఏళ్ళ తరబడి దెబ్బతిన్నదే, చాలామందిలో అప్పటికే సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడటం, ఉంటుంది. ఆపరేషన్ తర్వాత 5 ఏళ్ళలో క్యాన్సర్ తిరిగి వచ్చే అవకాశం 70 శాతం దాకా ఉంటుందని వైద్య పుస్తకాలు చెప్పేది ఇందుకే. ఈ అంకె చూసి గుండె జారిపోవడం సహజమే, కానీ అందులో రెండు రకాలు కలిసి ఉన్నాయని తెలుసుకోవాలి. మొదటి 2 ఏళ్ళలో వచ్చేది ఎక్కువగా పాత గడ్డ నుంచి అప్పటికే చెదిరిపోయిన, కంటికి కనపడని కణాల వల్ల. 2 ఏళ్ళు దాటాక వచ్చేది చాలావరకు దెబ్బతిన్న లివర్‌లో కొత్తగా పుట్టిన క్యాన్సర్. మాత్ర బలం ప్రధానంగా ఈ రెండో రకం మీదే పనిచేస్తుంది. వైరస్ అణిగితే వాపు తగ్గుతుంది, మచ్చలు పడటం నెమ్మదిస్తుంది, కొందరిలో కొంత వెనక్కి కూడా మళ్ళుతుంది.

2012లో జామా అనే వైద్య పత్రికలో తైవాన్ నుంచి ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. హెపటైటిస్ బి ఉండి లివర్ క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకున్న 4,569 మంది రికార్డులు చూశారు. 6 ఏళ్ళలో క్యాన్సర్ తిరగబెట్టడం మాత్రలు వాడినవాళ్ళలో 45.6 శాతం, వాడనివాళ్ళలో 54.6 శాతం. మరణాల్లో తేడా ఇంకా పెద్దది, 29 శాతానికి 42.4 శాతం. ఇది లాటరీ తీసి మందు ఇచ్చిన ట్రయల్ కాదు, జరిగిపోయిన చికిత్సల రికార్డులు చూసిన అధ్యయనం, కాబట్టి ప్రతి అంకెనూ పట్టుకుని వేలాడక్కర్లేదు. కానీ మరణాల్లో తేడా ఎక్కువ ఉండటానికి అర్థవంతమైన కారణమే ఉంది. మాత్ర లివర్ పనితీరును కాపాడుతుంది. ఒకవేళ క్యాన్సర్ తిరిగి వచ్చినా, మళ్ళీ ఆపరేషనో, సూదితో కాల్చే అబ్లేషనో, టేస్‌ అనే, గడ్డకు వెళ్ళే రక్తనాళంలోకి మందు పంపి దాన్ని మూసేసే పద్ధతో, ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి మళ్ళించే ఇమ్యునోథెరపీయో చేయించుకునే ఓపిక లివర్‌కు ఉంటుంది. లివర్ చేతులెత్తేస్తే ఎంత మంచి చికిత్స ఉన్నా డాక్టర్లు ఇవ్వలేరు. నాకు తెలిసి ఇంట్లోవాళ్ళు తక్కువగా ఆలోచించేది, ఎక్కువగా ఆలోచించాల్సింది ఈ విషయమే.

క్యాన్సర్ తిరిగి రాకుండా ఆపరేషన్ తర్వాత వేరే క్యాన్సర్ మందు ఇస్తే సరిపోదా అని కూడా అడుగుతారు. ప్రయత్నించారు. లివర్ క్యాన్సర్‌కు వాడే మందు సొరాఫెనిబ్‌ను అలా ఇచ్చి చూసిన స్టార్మ్ అనే పెద్ద ట్రయల్ 2015లో ఫలితం లేదనే తేల్చింది. అలాంటిది రోజుకో చిన్న వైరస్ మాత్ర ఇంత పని చేస్తుంటే దాన్ని తేలిగ్గా తీసుకోవడం నాకైతే వింతగా అనిపిస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

వీలైనంత ముందు. క్యాన్సర్ అని తేలిన రోజే హెచ్‌బీఎస్‌ఏజీ, హెచ్‌బీవీ డీఎన్‌ఏ పరీక్షలు (మొదటిది వైరస్ ఒంట్లో ఉందో లేదో, రెండోది రక్తంలో ఎంత ఉందో, అంటే వైరల్ లోడ్, చెబుతుంది) చేసి, పాజిటివ్ అయితే ఆపరేషన్‌కు ముందే మాత్ర మొదలుపెట్టడం మంచి పద్ధతి. వైరల్ లోడ్ సున్నా అయ్యేదాకా ఆపరేషన్ వాయిదా వేయాలని మాత్రం అనుకోవద్దు. గడ్డ ఆగదు కదా, మాత్ర మొదలుపెట్టి ఆపరేషన్‌కు వెళ్ళిపోవచ్చు.

"మా నాన్నగారికి వైరల్ లోడ్ చాలా తక్కువ, మాత్ర అవసరం లేదన్నారు" అనే వాళ్ళుంటారు. క్యాన్సర్ లేని మనిషికి ఆ లెక్క వేరు. లివర్ క్యాన్సర్‌కు చికిత్స జరుగుతున్న మనిషికి హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ ఉంటే, లోడ్ తక్కువ ఉన్నా మాత్ర ఇవ్వడం వైపే నిపుణులు మొగ్గు చూపుతారు. ఎందుకంటే ఆపరేషన్ ఒత్తిడి, రక్తం పోవడం, తర్వాత ఇచ్చే చికిత్సలు కలిసి నిద్రపోతున్న వైరస్‌ను లేపగలవు. సగం లివరే మిగిలి ఉన్నప్పుడు వైరస్ విజృంభిస్తే తట్టుకోవడం చాలా కష్టం. హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్, కానీ యాంటీ హెచ్‌బీసీ పాజిటివ్ అని రిపోర్టులో ఉంటే, ఒకప్పుడు వైరస్ సోకిందని అర్థం. అప్పుడు కూడా ఆ కాగితం డాక్టర్‌కు చూపించి "ఇది గమనించారా" అని అడగండి, తప్పేం లేదు.

మాత్ర మొదలుపెట్టే ముందు ఇంకో రెండు మూడు పరీక్షలు అయ్యాయో లేదో చూసుకోండి. హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే హెచ్‌ఐవీ కూడా ఉండి అది తెలియకుండా హెపటైటిస్ బి మాత్ర ఒక్కటే ఇస్తే హెచ్‌ఐవీ మందులకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. హెపటైటిస్ సి, డెల్టా వైరస్ పరీక్షలు కూడా. డెల్టా అనేది హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకే సోకే వైరస్, టెనోఫోవిర్, ఎంటెకావిర్ దాని మీద పనిచేయవు. ఇక కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎలాగూ చేస్తారు, ఆ అంకె రాసిపెట్టుకోండి, తర్వాత పోల్చుకోవడానికి అదే ఆధారం.

ఆపరేషన్ రోజు, తర్వాతి వారం

అడ్మిట్ అయ్యేటప్పుడు మీరు వాడే మాత్ర స్ట్రిప్‌ను వెంట తీసుకెళ్ళండి. సర్జరీ వార్డులో నొప్పి మందులు, యాంటీబయాటిక్స్ అన్నీ చార్టులో ఎక్కుతాయి కానీ ఇంటి నుంచి తెచ్చుకునే మాత్ర ఎక్కడో ఒక చోట జారిపోతుంది. ఉదయం నోటికి ఏమీ పెట్టకూడదన్న రోజు కూడా ఈ మాత్ర ఒక గుక్క నీళ్ళతో వేసుకోవచ్చా అని మత్తు డాక్టర్‌ను ముందురోజే అడగండి. ఆపరేషన్ తర్వాత మింగలేని పరిస్థితి ఉంటే ఎప్పటి నుంచి తిరిగి మొదలుపెట్టాలో నర్సును కాకుండా డాక్టర్‌నే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఎంటెకావిర్ ద్రవరూపంలో కూడా తయారవుతుంది, గొట్టం ద్వారా ఆహారం వెళ్తున్నవాళ్ళ విషయంలో ఆ మాట గుర్తు చేయండి.

ఆపరేషన్ అయిన మొదటి కొన్ని రోజుల్లో లివర్ దెబ్బను చూపే రక్త పరీక్షల అంకెలు ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ బాగా పెరుగుతాయి. అది చూసి టెన్షన్ పడొద్దు. లివర్‌ను కోసినందువల్ల, కాసేపు రక్తప్రసరణ ఆపినందువల్ల వచ్చే పెరుగుదల అది, మెల్లగా దిగుతుంది. దిగుతూ దిగుతూ ఉన్న అంకె మళ్ళీ పైకి ఎగబాకితే మాత్రం వైరల్ లోడ్ పరీక్ష చేయమని అడగాల్సిందే.

డిశ్చార్జ్ సమ్మరీలో హెపటైటిస్ బి మాత్ర పేరు, డోసు, "ఆపకూడదు" అన్న మాట ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదవండి. చాలా సమ్మరీల్లో మందులన్నీ 5 రోజులు, 10 రోజులు అని ఒకే వరుసలో రాసేస్తారు. ఈ మాత్ర కూడా ఆ వరుసలోనే పడిపోతే ఇంటికెళ్ళాక కోర్సు అయిపోయిందని ఆపేస్తారు. ఇలా జరగడం నేను చూశాను, తప్పు ఎవరిదని వెతికే లోపు వైరస్ తిరిగి వచ్చేస్తుంది.

ఏ మాత్ర ఎలా వేసుకోవాలి?

ఇప్పుడు ముందు వరుసలో ఉన్నవి మూడే: ఎంటెకావిర్, టెనోఫోవిర్ డిసోప్రాక్సిల్, టెనోఫోవిర్ అలాఫెనమైడ్. చివరి రెండింటినీ టీడీఎఫ్, టీఏఎఫ్ అని పిలుస్తారు. మూడూ రోజుకు ఒక్కసారే. 1998లో వచ్చిన లామివుడిన్ ఒకప్పుడు దిక్కు, కానీ 5 ఏళ్ళు వాడేసరికి సుమారు 70 శాతం మందిలో వైరస్ దానికి లొంగకుండా మారిపోయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఎంటెకావిర్‌తో అదే 5 ఏళ్ళలో ఆ సమస్య 1 శాతం చుట్టుపక్కలే. ఇప్పటికీ ఎవరి ఫైల్లోనైనా లామివుడిన్ ఒక్కటే కనపడితే ఎందుకు అని అడిగే హక్కు మీకుంది.

ఎంటెకావిర్ మామూలు డోసు 0.5 మిల్లీగ్రాములు. ఇది కచ్చితంగా ఖాళీ కడుపుతో వేసుకోవాలి, అంటే తిన్నాక 2 గంటలు ఆగి, వేసుకున్నాక ఇంకో 2 గంటలు ఏమీ తినకుండా. తిండితో కలిస్తే మందు శరీరానికి సరిగ్గా అందదు. రాత్రి త్వరగా తినేవాళ్ళకు పడుకునే ముందు సమయం బాగా కుదురుతుంది. షుగర్ ఉండి రాత్రి ఏదో ఒకటి తినాల్సినవాళ్ళకు తెల్లవారుజామున లేవగానే వేసుకోవడం నయం. గతంలో లామివుడిన్ వాడి అది పనిచేయకుండా పోయినవాళ్ళకు ఎంటెకావిర్ సరైన ఎంపిక కాదు, వాళ్ళలో వైరస్ దీనికి కూడా తొందరగా ఎదురు తిరుగుతుంది. వాళ్ళకు టెనోఫోవిర్ వైపు వెళ్తారు. అందుకే పదేళ్ళ కిందట ఏదో మాత్ర కొన్నాళ్ళు వాడాను, పేరు గుర్తులేదు అనే మనిషి పాత చీటీలు వెతికి తీయాలి. ఆ ఒక్క కాగితం ఇప్పటి నిర్ణయాన్ని మార్చేస్తుంది. లివర్ బాగా దెబ్బతిని పొట్టలో నీరు చేరే దశలో ఉన్నవాళ్ళకు ఎంటెకావిర్ 1 మిల్లీగ్రాము ఇస్తారు.

టీడీఎఫ్ 300 మిల్లీగ్రాములు, తిని వేసుకున్నా తినకుండా వేసుకున్నా పర్లేదు. దీర్ఘకాలంలో కొందరికి కిడ్నీ పనితీరు తగ్గడం, ఎముకల సాంద్రత తగ్గడం దీని మీద ఉన్న ఫిర్యాదులు. టీఏఎఫ్ 25 మిల్లీగ్రాములే, తిండితో వేసుకోవాలి, రక్తంలో తక్కువగా తిరిగి లివర్ కణాల్లోకే ఎక్కువ చేరుతుంది కాబట్టి కిడ్నీకి, ఎముకకు నయం. కొలెస్ట్రాల్, బరువు కాస్త పెరిగే అవకాశం ఉంది. 60 ఏళ్ళు దాటినవాళ్ళకు, కిడ్నీ లేదా ఎముకల సమస్య ఉన్నవాళ్ళకు ఎంటెకావిర్ లేదా టీఏఎఫ్ ఇవ్వడం మేలని యూరప్ లివర్ నిపుణుల సంఘం మార్గదర్శకాలు చెబుతాయి. కిడ్నీ పనితీరు తగ్గితే ఎంటెకావిర్, టీడీఎఫ్ రెండింటికీ డోసు గానీ, వేసుకునే రోజుల మధ్య దూరం గానీ మార్చాలి. ఆ లెక్క డాక్టర్ వేస్తారు, మీరు సొంతంగా రోజు మార్చి రోజు వేసుకోకండి.

క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆపడంలో ఎంటెకావిర్ గొప్పదా, టెనోఫోవిర్ గొప్పదా? దీని మీద కొన్నేళ్ళుగా వాదన నడుస్తోంది. టెనోఫోవిర్ కాస్త మెరుగు అని కొన్ని అధ్యయనాలు, తేడా లేదని ఇంకొన్ని. మీకు ఎంటెకావిర్ బాగా పనిచేస్తూ వైరస్ కనపడకుండా ఉంటే, ఇంటర్నెట్‌లో ఏదో చదివి మాత్ర మార్చమని పట్టుబట్టే పనైతే లేదు. రోజూ తప్పకుండా వేసుకునే మాత్రే మీకు మంచి మాత్ర.

కొన్ని జాగ్రత్తలు పెద్దగా ఎవరూ చెప్పరు. టీఏఎఫ్ వాడేవాళ్ళకు టీబీ కోసం రిఫాంపిసిన్ గానీ, ఫిట్స్‌కు కార్బమజెపిన్, ఫెనిటోయిన్ గానీ మొదలుపెడితే టీఏఎఫ్ బలం పడిపోతుంది, ఆ మందు రాసే డాక్టర్‌కు ముందే చెప్పాలి. టీడీఎఫ్, టీఏఎఫ్ రెండూ ఒకేసారి వాడకూడదు. ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లతో రాస్తే ఇలా జరగడానికి వీలుంది, స్ట్రిప్ మీద అసలు మందు పేరు చదవడం అలవాటు చేసుకోండి. ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా కొనుక్కుని వేసుకోవద్దు, సిర్రోసిస్ ఉన్న మనిషికి అవి కిడ్నీని దెబ్బతీస్తాయి, టీడీఎఫ్ తోడైతే ఇంకా ప్రమాదం. పారాసిటమాల్ కూడా రోజుకు ఎంతవరకు అన్నది అడిగి తెలుసుకోండి. లివర్ శుభ్రం చేస్తామని అమ్మే ఆకుల మందులు, మూలికల పొడులు, కండలు పెంచే సప్లిమెంట్లు వద్దు. వాటిలో కొన్ని లివర్‌నే దెబ్బతీస్తాయి, తీరా ఎస్‌జీపీటీ పెరిగాక అది వైరస్ వల్లో మందు వల్లో తేల్చలేక డాక్టర్లు తల పట్టుకుంటారు. మద్యం సంగతి వేరే చెప్పక్కర్లేదు, చుక్క కూడా వద్దు.

ఒక డోసు మర్చిపోతే

అదే రోజు గుర్తొస్తే వేసుకోండి, ఎంటెకావిర్ అయితే ఖాళీ కడుపు నియమం చూసుకుని. మర్నాడు మాత్ర వేసుకునే సమయం దగ్గరపడ్డాక గుర్తొస్తే పోయినది పోయినట్టే, రెండు కలిపి వేసుకోకూడదు. ఒక్క రోజు తప్పినందుకు కొంప మునగదు. నెలలో నాలుగైదు సార్లు తప్పుతుంటే మాత్రం ఏదో ఒక ఏర్పాటు చేయాలి: వారానికి సరిపడా గళ్ళ డబ్బా, ఫోన్‌లో అలారం, లేదా ఇంట్లో ఇంకొకరికి ఆ బాధ్యత. మందు అయిపోయేదాకా ఆగకుండా కనీసం రెండు వారాల మాత్రలు మిగిలి ఉండగానే కొత్తవి తెచ్చుకోండి. ప్రయాణాల్లో చెక్-ఇన్ సామానులో పెట్టకుండా చేతి సంచిలోనే పెట్టుకోండి. డాక్టర్ దగ్గర మాత్రం నిజం చెప్పండి. ఎందుకో కింద చెబుతాను.

రిపోర్టు చదవడం

మూడు నెలలకోసారి హెచ్‌బీవీ డీఎన్‌ఏ, అంటే వైరల్ లోడ్, కనపడని స్థాయికి పడిపోయేదాకా చేస్తారు. ఆ తర్వాత 3 నుంచి 6 నెలలకోసారి. వీలైతే ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించండి, ఒక్కో ల్యాబ్ యంత్రం కొలవగలిగే అతి తక్కువ అంకె ఒక్కోలా ఉంటుంది. రిపోర్టులో "నాట్ డిటెక్టెడ్" అని ఉంటే వైరస్ దొరకలేదని. "20 కంటే తక్కువ, డిటెక్టెడ్" అని ఉంటే వైరస్ ఉంది కానీ లెక్కపెట్టలేనంత తక్కువ అని. రెండూ ఒకటి కాదు, అలాగని రెండోది చూసి కంగారు పడేంత విషయమూ కాదు.

ఎంతో కాలం మాత్ర వాడాక కూడా లోడ్ మిల్లీలీటరుకు 2,000 యూనిట్ల లోపే ఉండి, పూర్తిగా మాత్రం పోకుండా సాగుతుంటే దాన్ని వదిలేయకండి. సిర్రోసిస్ ఉన్నవాళ్ళలో ఆ కొద్దిపాటి వైరస్ కూడా క్యాన్సర్ ముప్పును పెంచుతుంది, కాబట్టి మాత్ర సరిగ్గా వేసుకుంటున్నారా, మార్చాలా అన్నది డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయం.

ఇక అసలు ప్రమాద ఘంట: అంతకుముందు పడిపోయిన అతి తక్కువ అంకె నుంచి లోడ్ 10 రెట్లు పెరగడం. ఉదాహరణకు 150 ఉన్నది 1,500 దాటితే దాన్ని వైరస్ తిరగబడటం అంటారు, ఇంకోసారి పరీక్ష చేసి ఖాయం చేసుకుంటారు. అప్పుడు డాక్టర్ మొదట అడిగేది మాత్ర మానేశారా అనే. తిడతారని భయపడి "రోజూ వేసుకుంటున్నాను" అంటే, మందు పనిచేయట్లేదనుకుని అనవసరంగా మందు మార్చేస్తారు, లేదా ఇంకోటి జత చేస్తారు. ఇప్పటి మాత్రలతో నిజమైన రెసిస్టెన్స్ (వైరస్ మందుకు లొంగకపోవడం) చాలా అరుదు, మానేయడమే ఎక్కువ. అందుకే నిజం చెప్పమన్నాను.

చాలామందిని గందరగోళపెట్టేది ఇంకోటుంది. వైరల్ లోడ్ సున్నా, కానీ హెచ్‌బీఎస్‌ఏజీ ఇంకా పాజిటివ్. అంటే మందు పనిచేయలేదా? పనిచేసింది. హెచ్‌బీఎస్‌ఏజీ అనేది వైరస్ పైపొర ప్రోటీన్, అది పైన చెప్పిన అచ్చు నుంచి, మన కణాల డీఎన్‌ఏలో అతుక్కున్న ముక్కల నుంచి తయారవుతూనే ఉంటుంది. మాత్ర దాన్ని ఆపదు. కాబట్టి ప్రతిసారీ హెచ్‌బీఎస్‌ఏజీ కార్డు పరీక్ష చేయించుకుని నిరాశపడటంలో అర్థం లేదు, చూడాల్సింది లోడ్.

వీటితోపాటు ఎస్‌జీపీటీ, బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్‌ఆర్, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్ చూస్తుంటారు. టీడీఎఫ్ వాడేవాళ్ళకు ఫాస్ఫేట్, మూత్ర పరీక్ష కూడా. నేనైతే ఇవన్నీ తేదీల వారీగా ఒకే పేజీలో పట్టికలా రాసి పెడతాను. లావుపాటి ఫైలు తిరగేయడానికి డాక్టర్‌కు సమయం ఉండదు, ఒక్క పేజీ అయితే చూస్తారు.

స్కాన్లు మానేయడానికి మాత్ర సాకు కాదు

మాత్ర ముప్పును తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. మొదటి 2 ఏళ్ళు 3 నుంచి 6 నెలలకోసారి, చాలాచోట్ల 3 నెలలకే, కాంట్రాస్ట్‌తో సీటీ లేదా ఎంఆర్‌ఐ తీస్తారు, ఆ తర్వాత సాధారణంగా 6 నెలలకోసారి. దీనికి గడువంటూ ఉండదు. ఏఎఫ్‌పీ అనే, కొన్ని లివర్ క్యాన్సర్ గడ్డలు విడుదల చేసే ప్రోటీన్‌ను కొలిచే రక్త పరీక్ష గురించి ఒక మాట. ఆపరేషన్‌కు ముందు అది బాగా పెరిగి ఉండి, తర్వాత మామూలుకు దిగితే ఇకముందు అది మంచి కాపలాదారే. మొదటి నుంచీ మామూలుగానే ఉన్న మనిషిలో ఏఎఫ్‌పీ బాగుందన్న ధీమా పనికిరాదు, ఆ గడ్డ దాన్ని విడుదల చేసే రకం కాదు. అలాగే వైరస్ విజృంభించి లివర్ వాచినప్పుడు కూడా ఏఎఫ్‌పీ కాస్త పెరగొచ్చు. అంకె పెరిగిందని అదే రాత్రి క్యాన్సర్ తిరిగొచ్చిందని ఏడవకుండా, ఎస్‌జీపీటీ, వైరల్ లోడ్, స్కాన్ పక్కన పెట్టుకుని చూడాలి.

క్యాన్సర్ నిజంగానే తిరిగి వస్తే మాత్ర దండగైందని ఆపేసేవాళ్ళుంటారు. అది చాలా పెద్ద పొరపాటు. టేస్, రేడియేషన్, ఇమ్యునోథెరపీ, అన్నిటిలోనూ వైరస్ మళ్ళీ లేచే ప్రమాదం ఉంది, అప్పుడే మాత్ర మరీ అవసరం. లివర్ మార్పిడి చేసినా కొత్త లివర్‌కు వైరస్ సోకకుండా మాత్ర కొనసాగుతుంది. క్యాన్సర్‌తో సంబంధం లేని జబ్బులకు స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఇవ్వాల్సి వచ్చినా అదే కథ, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా మొదటి వాక్యం "నాకు హెపటైటిస్ బి ఉంది, ఈ మాత్ర వాడుతున్నాను" అనే ఉండాలి.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సినవి: కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం, పొట్ట ఉబ్బుతూ పోవడం, రక్తపు వాంతి, నల్లటి విరేచనం, మనిషి మాట తడబడటం, పగలు నిద్ర రాత్రి మెలకువగా తారుమారవడం, తగ్గని జ్వరం. మాత్ర ఆపిన కొన్ని వారాల నుంచి నెలల్లోపు వీటిలో ఏది కనపడినా వైరస్ తిరగబడిందనే అనుమానంతోనే వెళ్ళండి, మాత్ర ఆపిన సంగతి అక్కడ ముందుగా చెప్పండి.

ఇంట్లోవాళ్ళ సంగతి

ఈ వైరస్ చాలామందికి పుట్టినప్పుడే తల్లి నుంచి, లేదా చిన్నతనంలో సోకుతుంది. అంటే ఆ మనిషి ఏదో తప్పు చేశాడని కాదు, ఆ గుసగుసలు ఇంట్లో మొదలయ్యేలోపే ఆపేయండి. తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, భార్య లేదా భర్త, పిల్లలు అందరూ హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీసీ, యాంటీ హెచ్‌బీఎస్ (చివరిది వైరస్ నుంచి రక్షణ ఉందో లేదో చెబుతుంది) పరీక్షలు చేయించుకోవాలి. వైరస్ గానీ రక్షణ గానీ లేనివాళ్ళకు టీకా, మామూలుగా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. కలిసి తినడం, కౌగిలించుకోవడం, ఒకే గ్లాసు వాడటం వల్ల సోకదు. రేజర్, టూత్ బ్రష్, గోళ్ళ కత్తెర మాత్రం ఎవరివి వాళ్ళకే. తోబుట్టువుల్లో ఎవరికైనా పాజిటివ్ వస్తే, వాళ్ళింట్లో ఇప్పటికే ఒకరికి లివర్ క్యాన్సర్ వచ్చింది కాబట్టి, ఏ ఇబ్బందీ లేకపోయినా లివర్ డాక్టర్ దగ్గరికి వెళ్ళి 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్ గురించి అడగాలి. ఆపరేషన్ అయిన మనిషి చుట్టూ అందరూ తిరుగుతారు, ఈ తమ్ముడి సంగతి ఎవరికీ పట్టదు.

ఎప్పటికైనా ఆపొచ్చా?

సిర్రోసిస్ గానీ క్యాన్సర్ గానీ వచ్చిన మనిషికి జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే, జీవితాంతం వాడాలి. హెచ్‌బీఎస్‌ఏజీ కూడా నెగటివ్‌గా మారి అలాగే నిలిచిపోతే డాక్టర్లు ఆపే విషయం ఆలోచిస్తారు, కానీ ఈ మాత్రలతో అలా జరిగేది ఏడాదికి నూటికి ఒకరికి, కొన్ని చోట్ల అంతకన్నా తక్కువ. అలా జరిగిన అదృష్టవంతులకు కూడా ఆపాలా వద్దా అన్నది లివర్ పరిస్థితి చూసి నిపుణుడే చెప్పాలి, ఆపాక మొదటి ఏడాది తరచుగా పరీక్షలు తప్పవు. 6 నెలల స్కాన్ మాత్రం వాళ్ళకూ కొనసాగుతుంది.